అంచున నిలిచిన ఆటగాడు: తులసీదాస్ బలరాం

చీరకు అందం అంచువల్ల వచ్చునని చీరాల నేతపనివారికి ఎవరును చెప్పనక్కరలేదు. పడుగు ఎంత మేలైనదైనా, పేక ఎంత నున్ననిదైనా, నాడె అంచు దాకా పోయి అక్కడినుండి తప్పక మరలి రాకపోతే గుడ్డ నిలువదు. అంచు వదులైతే బట్ట ముడుతలు పడుతుంది. మరీ బిగిస్తే నూలు తెగుతుంది. మగ్గం ముందు కూర్చున్నవాని నేర్పు నడిమి నేతలోకంటె అంచులోనే ముందుగా బయటపడుతుంది. కాలిబంతి ఆటలోను ఇట్టి అంచు ఒకటి ఉన్నది. 1950లలోను, 1960ల తొలినాళ్లలోను ఆ అంచున నిలిచి, మన దేశానికి అంతర్జాతీయ క్రీడారంగంలో పేరు తెచ్చిన ఆటగాడొకరు తెలుగుగడ్డ మీద పుట్టినారు. ఆయనే తులసీదాస్ బలరాం.

ఆయన చరిత్రలోనికి పోవుటకు ముందు ఆయన నిలిచిన స్థానం ఎట్టిదో కొంచెం తెలిసికొనడం మంచిది. ఆనాటి పద్ధతిలో జట్టు ముందువరుసలో ఐదుగురు ఉండేవారు. నడుమ ఒకడు, అతనికి అటునిటు ఇద్దరు, మైదానపు రెండు అంచులను అంటిపెట్టుకొని మరి ఇద్దరు. ఎడమ అంచున నిలిచేవానికి ‘లెఫ్ట్ ఔట్’ అని పేరు. ఆట నడుమనున్నవారు నిమిషనిమిషానికి బంతిని తాకుతూ ఉంటారు. అంచున ఉన్నవానికి అట్లు కాదు. బంతి తన వద్దకు వచ్చేదాకా అతడు ఓర్పుతో కాచుకొని ఉండాలి. ఎక్కడినుండియో ఒక తోటివాడు తల ఎత్తి చూచి, ముప్పది నలుబది గజాల దూరం బంతిని పంపాలి. అది వచ్చి పడే చోటికి అతడు ముందే చేరుకోవాలి. చేరుకొన్న పిదప అతనికి దక్కేది మూడు నాలుగు క్షణాలు మాత్రమే. ఒక వైపు సున్నపు గీత. రెండవ వైపు శత్రువు. ఆ ఇరుకులోనుండి దారి చేసికొని లోపలికి రావాలి, లేదా గోలు ముందరికి బంతిని అందించాలి. కనుక ఇది వేగమున్నవాని స్థానమే కాదు, నమ్మకమున్నవాని స్థానం కూడా. పంపేవాడు పంపునన్న నమ్మకం లేనివాడు అక్కడ నిలువలేడు.

అమెరికా దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచేది వేరొక ఆట. అక్కడ కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతితోనే పట్టుకొని పరుగెత్తుతారు. 1906లో ఆ ఆట నియమాలను సవరించి, బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చినారు. దానితో అక్కడ కూడ అంచున నిలిచి, దూరంనుండి వచ్చే బంతిని పరుగులోనే అందుకొనే ఆటగాడు అవసరమైనాడు. కాలక్రమాన అతనిని ‘వైడ్ రిసీవర్’ అన్నారు. ఈ విద్యకు తొలి ఆచార్యుడని పేరొందిన డాన్ హట్సన్ 1935 నుండి 1945 వరకు గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో 11 ఏండ్లు ఆడి, అందుకొన్న బంతులతోనే 99 సార్లు గెలుపు గీత దాటినాడు. ఆ లెక్కను మరియొకడు మించడానికి 1989 వరకు పట్టినది. ఆట వేరైనా, దేశం వేరైనా ఆ స్థానపు ధర్మం ఒక్కటే. అందుకొనేవాని కీర్తిలో సగం పంపినవానిది. బలరాం జీవితంలో ఈ మాట అక్షరాలా నిజమైనది.

బలరాం 1936లో సికింద్రాబాదు దండు ప్రాంతాన అమ్ముగూడ అను చిన్న ఊరిలో పుట్టినారు. ఆ ప్రాంతంలో కాలిబంతి వేరూనడానికి కారణం ఉన్నది. సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో బ్రిటిషు పటాలాలు తరతరాలుగా విడిసి ఉండేవి. సిపాయిలు సాయంకాలం ఆడే ఆటలను చుట్టుప్రక్కల పిల్లలు చూచేవారు. చూచినదానిని మరునాడు ఖాళీ స్థలంలో ఆడేవారు. ఆ విధంగా పటాలపు ఆట పేటలోనికి వచ్చినది. బలరాం కుటుంబం బీదది. ఆటకు కావలసిన బూట్లు కొనే స్తోమత ఆ ఇంట లేదు. ఎవరో పారవేసిన పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవానికిచ్చి, వానినే ఆట బూట్లుగా కుట్టించుకొన్నానని ఆయన పెద్దవయస్సులో చెప్పుకొనేవారు.

ఆ కాలాన హైదరాబాదులో ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా జీవనం ఆరంభించిన ఆయనను అందరు రహీం సాహెబు అనేవారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చినది. ఆ ఏడాది మొదలు 1954 వరకు, వరుసగా 5 ఏండ్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఈ జట్టే గెలిచినది. బొంబాయి, కలకత్తా పత్రికలు అంతవరకు లెక్కలోనికి తీసికొనని దక్కను పట్టణం ఒకటి దేశపు ఆటకు బడి అయినది. రహీం సాహెబు బోధించినది గారడీ కాదు. బంతిని కాలివద్ద దాచుకొని మురిసిపోవడం ఆయనకు కిట్టదు. వచ్చిన బంతిని ఒక్క తాకుతో సరియైన తోటివానికి పంపు. పంపినవెంటనే నీవు ఖాళీ చోటికి పో. ఆయన పాఠమంతా ఈ రెండు వాక్యాలలో ఇమిడిపోతుంది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే పద్ధతిలోనే ఆయన ఆటను కూడ విడదీసి, మెట్టుమెట్టుగా చెప్పేవారు.

ఆ పంతులుగారి కన్ను అమ్ముగూడ కుర్రవాని మీద పడినది. అభ్యాసానికి హైదరాబాదుకు రమ్మన్నారు. అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానానికి రోజూ పోయి రావడమంటే మైళ్లకొలది దారి. బస్సు ఖర్చుకు కుర్రవాని వద్ద డబ్బు లేదు. ఆ మాట విని రహీం సాహెబు సైకిలు అద్దెకు తానే డబ్బు ఇచ్చినారని బలరాం ఎన్నోమార్లు జ్ఞాపకం చేసికొన్నారు. చూడడానికి అది కొద్ది పైకమే. కాని ఆ పైకం లేకపోతే ఈ చరిత్ర లేదు. మైదానపు అంచున ఒంటరిగా కాచుకొని ఉన్నవానికి దూరంనుండి తల ఎత్తి చూచి పంపిన మొదటి బంతి అదే. రైడర్స్ క్లబ్బులోను, సిటీ పోలీసు జట్టులోను ఆడి బలరాం త్వరలోనే హైదరాబాదు జట్టుకెక్కినారు. 1956–57లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీని గెలిచినప్పుడు ఆ జట్టులో ఆయన ఉన్నారు.

రహీం సాహెబు అప్పటికే దేశపు జట్టుకు కూడ శిక్షకులు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరానుపై 1–0తో స్వర్ణపతకం గెలిచినది. కాని మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఘోరంగా ఓడిపోయినది. మనవారు అప్పటికిని పెక్కుమంది బూట్లు లేకుండానే ఆడేవారు. చల్లని, తడిసిన ఐరోపా పచ్చికమీద ఉత్తకాళ్ల నేర్పు పనికిరాలేదు. ఆ ఓటమి పిదపనే మన సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. ఈ అవమానానికి జవాబు చెప్పవలసిన తరం బలరాం తరం.

ఆ జవాబు 4 ఏండ్లకు వచ్చినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినది. అదే నెల 22వ తేదీన ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. కొత్త రాష్ట్రానికి ఇంకను నెల నిండలేదు. దాని రాజధానినుండి పోయిన ఆటగాళ్లు పలువురు భారత జట్టులో ఉన్నారు. వారిలో 20 ఏండ్ల బలరాం ఒకరు. డిసెంబరు 1న భారత జట్టు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించినది. నెవిల్ డిసౌజా అందులో 3 గోళ్లు కొట్టినాడు. ఆసియా ఖండంనుండి ఒలింపిక్ కాలిబంతిలో సెమీఫైనలు చేరిన మొదటి జట్టు మనదే. అక్కడ తిరిగి యుగోస్లావియా ఎదురైనది. మొదటి గోలు మనమే చేసినాము. చివరకు 4–1తో ఓడినాము. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా 3–0తో గెలిచినది. పతకం చేజారినది. అయినను 10–1నుండి 4–1కి వచ్చిన దూరం ఎంతో ఆటను ఎరిగినవారికి తెలుసు.

1957లో బలరాం కలకత్తాకు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు పోయినారు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచింపవలసి ఉన్నది. హైదరాబాదు ఆటగాళ్లు ఒకరి వెనుక ఒకరు బెంగాలుకు ఎందుకు పోయినారు? మన వద్ద గురువు ఉన్నాడు, నేర్పు ఉన్నది, గెలిచిన కప్పులు ఉన్నవి. కాని ఆటగానికి అన్నం పెట్టగల క్లబ్బులు లేవు. పోలీసు కొలువు ఒక్కటే ఆధారం. కలకత్తాలో అట్లు కాదు. అక్కడ 1898నుండి లీగు పోటీలు జరుగుతున్నవి. ఆట ఉన్న సాయంకాలం నగరమంతా మైదానం వైపు నడిచేది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు దేశవిభజన పిదప మరొక బలం చేరినది. తూర్పు బెంగాలులో ఇల్లూ వాకిలీ విడిచి, కట్టుబట్టలతో కలకత్తా చేరిన లక్షలమంది కాందిశీకులు ఆ క్లబ్బు పేరులోనే తమ పోయిన ఊరును చూచుకొన్నారు. అట్టివారు, భాష రాని దక్కను యువకుని తమ బిడ్డగా స్వీకరించినారు.

ఆ అభిమానానికి ఆయన బదులు తీర్చినారు. క్లబ్బు ఆటలో ఆయన అంచునకే పరిమితం కాలేదు. అవసరమైనప్పుడు లోపలికి వచ్చి ముందువరుస నడుమ కూడ ఆడేవారు. బంతి కాలికి తాకినవెంటనే అణగిపోయి నిలిచేదని, ఎడమకాలు కుడికాలు అను భేదం ఆయనకు లేదని చూచినవారు చెప్పుకొనేవారు. 1958లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకులైనారు. 1952 తరువాత ఆ క్లబ్బుకు కలకత్తా లీగు దక్కలేదు. 9 ఏండ్ల ఆ కొరతను బలరాం నాయకత్వం తీర్చినది. ఆ యేటి లీగులో 23 గోళ్లు చేసి అందరికంటె మిన్నగా నిలిచినవారు కూడ ఆయనే.

దేశపు జట్టులో ఆయనకు ఇద్దరు జతగాళ్లు దొరికినారు. కుడి అంచున పి.కె. బెనర్జీ, నడుమ చునీ గోస్వామి, ఎడమ అంచున బలరాం. ఈ ముగ్గురిని భారత కాలిబంతికి త్రిమూర్తులన్నారు. 1960లో రోము ఒలింపిక్ క్రీడలకు బెనర్జీ నాయకుడుగా భారత జట్టు పోయినది. మన గుంపులో హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశాలు పడినవి. ఆగస్టు 26న మొదటి ఆట హంగరీతో. ఆ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు అతడే. రెండు గోళ్లు మనమీద పడినవి. అయినను మనవారు క్రుంగలేదు. ఆట ముగియడానికి ఇంక 11 నిమిషాలున్నదనగా బలరాం గోలు కొట్టినారు. ఆట 2–1తో ముగిసినది. ఆ హంగరీ జట్టే తరువాత కాంస్యపతకం గెలిచినది. ఫ్రాన్సుతో ఆట 1–1తో సమమైనది. పెరూతో 3–1తో ఓడినాము. అందులో మన గోలు కూడ బలరాందే. ఒక్క విజయమైనను లేక జట్టు తిరిగి వచ్చినది. కాని 1952లో ఐరోపా ముందు బెదరిన జట్టు 1960లో దానితో సరిసమానంగా నిలిచినదని ప్రపంచం ఒప్పుకొన్నది. అటుపిమ్మట మన కాలిబంతి జట్టు ఒలింపిక్ క్రీడలలో మరల ఆడలేదు. ఆ వేదికపై మనకు మిగిలిన చివరి గోలు బలరాం కాలినుండి వెడలినదే.

1962లో జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగినవి. నాయకుడు చునీ గోస్వామి. శిక్షకులు రహీం సాహెబు. అప్పటికే ఆయన శరీరాన్ని క్యాన్సరు తినివేస్తున్నది. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించినది. రెండవ ఆటలో థాయిలాండును 4–1తో, మూడవ ఆటలో జపానును 2–0తో గెలిచినాము. ఈ రెండింటిలోను బలరాం గోళ్లు చేసినారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై 3–2తో నెగ్గి, సెప్టెంబరు 4న ఫైనలులో తిరిగి దక్షిణ కొరియా ఎదుట నిలిచినాము. ఇజ్రాయేలు, తైవాను దేశాలను ఆ క్రీడలకు పిలువకపోవడంపై భారత ప్రతినిధి ఆక్షేపణ తెలిపినందున స్థానిక ప్రేక్షకులు మనపై మండిపడుతున్నారు. వేలాది కంఠాల హేళన నడుమ మనవారు ఆడినారు. 17వ నిమిషంలో బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగు గోళ్లు చేసినారు. 2–1తో స్వర్ణపతకం మనదైనది. ఎడమ అంచున బలరాం, ముందువరుసలో హైదరాబాదు వాడైన యూసుఫ్ ఖాను, గోలు కడ హైదరాబాదులో పేరు తెచ్చుకొన్న పీటర్ తంగరాజు, మైదానం వెలుపల రహీం సాహెబు. ఆనాటి విజయంలో అప్పటి మన రాజధాని వంతు ఎంతయో దీనినిబట్టి తెలియగలదు.

అదే ఏడాది బలరాంకు అర్జున పురస్కారం లభించినది. అదే ఏడాది రోవర్స్ కప్పులో ఒక వింత జరిగినది. ఫైనలు తేలక, కప్పును ఇద్దరికి పంచవలసి వచ్చినది. ఆ ఇద్దరిలో ఒకరు ఈస్ట్ బెంగాల్; మరియొకరు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు. హైదరాబాదు పోలీసు జట్టుకే అది కొత్త పేరు. పెంచిన ఇల్లు ఒక వైపు, అన్నం పెట్టిన ఇల్లు రెండవ వైపు నిలువగా, విధి ఎవరికిని ఓటమి లేకుండ చేసినది.

కాని 1963 అంత దయ చూపలేదు. జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసినారు. ఆ ఏడాదిలోనే బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్లు వైద్యులు కనుగొన్నారు. పరుగే ప్రాణమైన ఆటగానికి ఊపిరి అడ్డు వచ్చినది. 27 ఏండ్లు నిండీ నిండని వయస్సులో ఆయన మైదానం విడువవలసి వచ్చినది. అమెరికాలో హట్సన్‌కు 11 ఏండ్ల ఆట దక్కినది. బలరాంకు దేశపు జట్టులో దక్కినది 7 ఏండ్లు మాత్రమే. ఆ 7 ఏండ్లలోనే 2 ఒలింపిక్ క్రీడలు, 2 ఆసియా క్రీడలు. చునీ, బెనర్జీల పేరు ఆ తరువాత కూడ పత్రికలలో మారుమ్రోగుతూ వచ్చినది. బలరాం పేరు మెల్లమెల్లగా వెనుకపడినది.

ఆయన కలకత్తాలోనే రైల్వే కొలువులో ఉండి, తరువాతి తరం పిల్లలకు ఆట నేర్పినారు. గంగ ఒడ్డునున్న ఉత్తరపాడా పట్టణంలో స్థిరపడినారు. చునీకి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ వచ్చినది. బలరాంకు ఏ పద్మ బిరుదును రాలేదు. 2020 మార్చిలో బెనర్జీ, ఏప్రిలులో గోస్వామి గతించినారు. త్రిమూర్తులలో చివరివాడైన బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచినారు.

మన తెలుగువారు ఆయన ఆటను కంటితో చూచినది తక్కువ. మెల్బోర్ను, రోము, జకార్తా ఆటల కాలానికి మన ఊళ్లలో టెలివిజను లేదు. రేడియో ముందు కూర్చొని వినడమో, మరునాటి పత్రికలో చదవడమో, అంతే. విన్నది త్వరగా మరపునకు వస్తుందని కొందరందురు. నా అనుభవంలో అట్లు కాదు. మరల మరల చెప్పేవారు ఉన్నంతకాలం విన్నమాట బ్రతికి ఉంటుంది. చెప్పేవారు మానుకొన్ననాడే అది చనిపోతుంది. సినిమా నటుని మొదటి చిత్రం పేరు మన ఇండ్లలో చిన్నపిల్లవాడు కూడ చెప్పగలడు. ఒలింపిక్ క్రీడలలో హంగరీపై గోలు చేసిన అమ్ముగూడ వాని పేరు అడిగితే పెద్దలు సయితం తడుముకొంటారు. ఇది ఒక్క బలరాంకు జరిగిన లోటు కాదు. మన జ్ఞాపకంలోని లోటు.

ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. రహీం సాహెబు పోయిన పిదప 1965–66లో ఆంధ్రప్రదేశ్ మరియొకసారి సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆయన నాటిన విత్తనపు చివరి పంట అది. ఆ తరువాత హైదరాబాదు కాలిబంతి క్రమంగా క్షీణించినది. మైదానాలు ఉన్నవి, పిల్లలు ఉన్నారు, పరుగు ఉన్నది. లోపించినది తల ఎత్తి దూరాన ఉన్నవానిని చూచే కన్ను. చీరాల సముద్రపుటిసుకలోనో, మిరప కళ్లాల మధ్యనో, ప్రత్తి కోసిన చేలలోనో సాయంకాలం గుడ్డబంతిని తన్నుతూ పరుగెత్తే కుర్రవాడు ఇప్పుడును ఉండి ఉండును. వానికి కావలసినది బిరుదులు కావు. బడిలో ఒక పంతులుగారు, సమయానికి ఒక సైకిలు అద్దె. బంతి తనకు వచ్చునన్న నమ్మకం ఆ కుర్రవానికి కలిగించగలిగితే, మిగిలిన పరుగు వాడే పరుగెత్తగలడు.